తాళం లేని వ్యాఖ్యల పెట్టె

బ్లాగు తెరవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. దానికి ఎలాంటి వ్యాఖ్యల పెట్టె పెట్టాలో తేల్చుకోవడానికి ఏడాది పైగా పట్టింది. నన్నెరిగినవాళ్ళు వింటే నవ్వుతారు. చీర కొనడానికి వెళ్ళినా పది నిమిషాలకి మించి కొట్లో కూర్చోని మనిషిని నేను. అలాంటిది ఆ పెట్టె గురించి ఆలోచిస్తే అన్నం సయించేది కాదు. ఎందుకంటే ఆ బ్లాగు నేను లోకం కోసం రాయలేదు. ఒక్క మనిషి చదవాలి, చదివి ఒక్క మాట అనాలి. అది తిట్టయినా సరే. తప్పు తలుపు పెడితే ఆవిడ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందని నా భయం.

ఆ మనిషి నా డిగ్రీ స్నేహితురాలు. తొంభైల మొదట్లో మామిడికుదురు దగ్గర పక్కపక్క ఊళ్ళనుంచి ఇద్దరం అమలాపురం కాలేజీకి వెళ్ళేవాళ్ళం. అప్పటికి మావైపు వైనతేయ గోదావరి మీద వంతెన లేదు. ఆడపిల్లలు రోజూ రేవు దాటడం ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేక, గన్నవరం దగ్గర కాలవని ఏటి మీదుగా దాటించే అక్విడక్టు మీంచి చుట్టు తిరిగొచ్చే బస్సెక్కించేవారు. గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరలో కబుర్లు అయిపోయాక ఏం చెయ్యాలో తోచక, లిఖిత పత్రిక పెడదామనుకున్నాం.

లిఖిత పత్రికంటే ఇప్పటివాళ్ళకి చెప్పాలి. అచ్చు లేదు, జిరాక్సు లేదు. నెలకి ఒక్కటే ప్రతి, మొత్తం చేత్తో రాసింది. దానికొక గుడ్డసంచీ. ఆ సంచీ ఇంటింటికీ తిరుగుతుంది, ఇంటికి రెండు రోజులు. వెనక అట్టమీద ఇళ్ళ వరస అంటించి ఉండేది. చదవడం అయినవాళ్ళు తమ ఇంటి ఎదురుగా టిక్కు పెట్టి, తరవాతి ఇంటికి పంపించాలి. పుస్తకం చివర నాలుగు తెల్లకాయితాలు వదిలి, పైన 'మీ మాట' అని రంగు పెన్సిల్‌తో రాసేదాన్ని. చదివినవాళ్ళు తమ అభిప్రాయం అక్కడ రాయాలి. పేరు పెట్టాలన్న నియమం లేదు. ఆ సలహా నా స్నేహితురాలిదే. మన వైపు పేరు పెట్టమంటే ఎవరూ 'బాగుందండి' తప్ప ఇంకో మాట రాయరే అంది. నిజమే, మా వాళ్ళ మర్యాద అలాంటిది.

రాయడం ఆవిడ వంతు, దించడం నా వంతు. నా దస్తూరీకి పేరుండేది. స్కేలు పెట్టి పెన్సిల్‌తో సన్నగా గీతలు కొట్టుకుని, ఇంకు పెన్నుతో రాసి, ఆరిన తరవాత రబ్బరుతో గీతలు చెరిపేసేదాన్ని. ఒళ్ళో అంతా రబ్బరు పొట్టు. ఇంట్లో ఎవరికైనా ఉత్తరం ముక్క రాయమన్నా ముందు స్కేలు ఎక్కడుందని వెతికేదాన్నని మా అమ్మ దెప్పేది.

ఆవిడ వాళ్ళ తాతగారు మా తాతల కొబ్బరితోటలో పని చేసిన మనిషి. నాన్నగారు మిషన్ బడిలో చదువుకుని ఎలిమెంటరీ స్కూలు మాస్టారయ్యారు. రోజూ సాయంత్రం ఆయన పిల్లల్ని కూర్చోబెట్టి బైబిల్లో ఒక అధ్యాయం పైకి చదివించి, ఆ తరవాత ఏదో ఒక తెలుగు పుస్తకంలోంచి నాలుగు పేజీలు చదివించేవారు. ఒక అక్షరం జారితే మళ్ళీ మొదటినుంచి. ఆవిడ తెలుగు అలా తయారైంది. నాదేమో మేనత్తల కబుర్లలోంచి, వారపత్రికల సీరియళ్ళలోంచి వచ్చింది.

అయిదో సంచికలో ఇద్దరి కథలూ వేశాం. ఆవిడ కథలో కాలవగట్టున కూర్చుని కొబ్బరిపీచు కొట్టే ఒక ముసలమ్మ ఉంది. ఆ కథ రాసింది నా పక్క సీట్లోనే, కుదుపులకి పెన్ను జారుతుంటే తిట్టుకుంటూ, వారం రోజులు. నా కథలో ఊటీలో గుర్రం మీద తిరిగే అమ్మాయి ఉంది. నేను ఊటీ చూళ్ళేదు, గుర్రాన్ని కూడా దగ్గరగా చూళ్ళేదు. వరసలో మా ఇల్లు నాలుగోది. సంచీ మా ఇంటికొచ్చేసరికి 'మీ మాట' పేజీలో మూడిళ్ళవాళ్ళూ ఆ ముసలమ్మ గురించే రాశారు. ఒకావిడైతే చదివి ఏడ్చానని రాసింది. నా కథ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆఖర్న ఒక్కరు మాత్రం, దస్తూరీ ముత్యాల్లా ఉందండి అన్నారు.

ఆ ముత్యాలు నన్ను కాల్చేశాయి. ఇన్నాళ్ళకి చెప్తున్నాను గనక సూటిగానే చెప్తాను. నాకు కుళ్ళు పుట్టింది. మా తోటలో పని చేసినవాళ్ళ మనవరాలు రాస్తే నేను దించిపెట్టేదాన్నయ్యానన్న ఆలోచన కూడా వచ్చింది. అప్పటిదాకా అది నాలో ఉందని నాకే తెలీదు. మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉండగా సంచీ విప్పి, పెన్ను ఎడం చేతిలోకి మార్చుకుని రాశాను.

"ఈ కథ ఇదివరకు ఎక్కడో చదివాను. కాపీ అనుకుంటాను. ఇంత తెలుగు ఆ అమ్మాయికెక్కడిది?"

మూడు వాక్యాలు. ఇంకు ఆరిందో లేదో, అమ్మ గదిలోకి వస్తున్న చప్పుడైంది. చటుక్కున పుస్తకం మూసి సంచీలో పెట్టేశాను. మర్నాడు అయిదో ఇంటికి వెళ్ళిపోయింది.

ఒక్క మాటే కదా, ఎవరు పట్టించుకుంటారనుకున్నాను. పట్టించుకున్నారు. దాని కింద ఇంకొకరు 'నాకూ అదే అనుమానం' అని రాశారు. ఆ కింద ఇంకెవరో, ఫలానా వారపత్రికలో చూసినట్టు గుర్తు అన్నారు. ఎలా గుర్తుంటుంది? ఆ కథ బస్సులో, నా కళ్ళెదుట పుట్టింది. వరసలో ఆఖరిల్లు మాస్టారుగారిది. పుస్తకం అక్కడికి చేరేసరికి రెండు పేజీలు నిండిపోయాయి. అన్నీ ఆయన చదివారట. పుస్తకాన్ని సంచీలో పెట్టి దాని మూతికి ముడేసి బీరువాలో దాచేశారట.

తరవాత వారంలో ఒక పొద్దున్న, బస్సు అక్విడక్టు ఎక్కుతుండగా, కిటికీలోంచి చూస్తూ ఆవిడ అడిగింది.

"ఎవరు రాసుంటారంటావే?"

"ఏమోనే, ఆ కాంపౌండరుగారి భార్య అయ్యుంటుంది. ఆవిడ ప్రతిదానికీ వంకలు పెడతాది కదా" అన్నాను. పాపం ఆవిడ ఏ పాపం ఎరగదు. చదివి ఏడ్చానని రాసింది ఆవిడే.

నా స్నేహితురాలు నా మొహంలోకి కాసేపు చూసింది. "అలాగా" అంది. చేతిలో జామకాయ రెండుగా చేసి సగం నాకిచ్చింది. నమ్మింది అనుకున్నాను. ఆ ముక్క హాయిగా తిన్నాను.

ఆరో సంచికకి కథ ఇవ్వమంటే, "ఇంక రాయన్లే" అంది. ఎంత బతిమాలినా అంతే. పత్రిక ఆగిపోయింది. ఇంకో ఏడాది ఒకే బస్సులో, ఒకే సీట్లో తిరిగాం. చదువైపోయాక ఆవిడకి రైల్వే ఉద్యోగస్తుడితో పెళ్ళయి ఒరిస్సా వైపు వెళ్ళిపోయింది. నాకూ పెళ్ళయి అమలాపురంలో ఉండిపోయాను. మర్చిపోయాననే అనుకుంటూ పదిహేనేళ్ళు బతికాను.

నా దస్తూరీ నాకొక ఉద్యోగం కూడా తెచ్చిపెట్టింది. ఒక కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్ల మీద వివరాలు రాసే పని. కంప్యూటర్లు వచ్చాక ఆ ముత్యాలకి విలువ పోయి నేను కూడా అందరిలాగే టైపు కొట్టడం నేర్చుకున్నాను. రెండువేల ఏడో ఎనిమిదో అనుకుంటా, ఒక శనివారం బస్టాండులో ఎవరో నమస్కారం పెట్టారు. ఆవిడ తమ్ముడు. రాజోల్లో బ్యాంకులో చేస్తున్నాడు.

"నాన్నగారు పోయేరండి, ఆర్నెల్లవుతుంది" అన్నాడు.

నాకు తెలీదు. ఏదో ఓదార్పు మాట అన్నాను. అతనే చెప్పుకొచ్చాడు.

"మీరిద్దరూ రాసిన పుస్తకం నాన్నగారు ఆఖరిదాకా బీరువాలోనే ఉంచేరండి. ఇంటికెవరొచ్చినా తీసి అక్క కథ చదివించేవారు. ఆ వెనక పేజీలు మాత్రం ఎవర్నీ తిప్పనిచ్చేవారు కాదండి. ఆయన సమాధి కార్యక్రమానికొచ్చినప్పుడు అక్క పట్టుకెళ్ళింది."

ఆ వెనక పేజీలు. ఆవిడ ఫోన్ నంబరు అడిగాను.

"ఆయ్, అక్కనడిగి చెప్తానండి" అన్నాడు.

మావైపు ఈ మాటకి అర్థం ఏమిటో నాకు తెలీదా? ఎంత మర్యాదగా అంటే అంత గట్టిగా లేదని. నా మొహం చూసి జాలేసిందో ఏమో, వెళ్ళబోతూ ఆగి, "అక్క ఇప్పుడు కంప్యూటర్లో తెలుగు తెగ చదువుతుందండి, బ్లాగులంటారు కదండి, అవి" అన్నాడు.

"నేనూ రాస్తున్నాను" అనేశాను. అబద్ధం. ఆ మాట అప్పుడే వినడం. "దాని అడ్రసు నీకు కార్డు రాస్తాను, అక్కకి చెప్పు" అన్నాను. ఆయ్ అలాగేనండి అన్నాడు.

సోమవారం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని అబద్ధాన్ని నిజం చేశాను. మా కాలేజీలో ల్యాబ్ చూసే అమ్మాయి ఒకర్తి ఉండేది. నన్ను అక్కగారూ అని పిలిచేది. ఆ అమ్మాయే దగ్గరుండి తెరిపించి, తెలుగు టైపు చెయ్యడం చూపించింది. బ్లాగులో రాసేదాన్ని టపా అంటారని, కింద చదివినవాళ్ళు రాసేదాన్ని వ్యాఖ్య అంటారని చెప్పింది. బస్సు గురించి ఒక టపా రాసి, అడ్రసు కార్డు మీద రాసి రాజోలు పంపాను. కార్డు మీద కూడా గీతలు కొట్టుకునే రాశాను.

ఇక కాచుకోవడం మొదలు. రోజూ పొద్దున్న ఆఫీసు తాళం తియ్యగానే కంప్యూటర్ పెట్టేదాన్ని. కరెంటుంటే నెట్టుండేది కాదు, నెట్టుంటే కరెంటుండేది కాదు. రెండూ ఉన్న పూట తెరిస్తే '0 వ్యాఖ్యలు' అని ఉండేది. ఆ సున్నాని రోజుకి పదిసార్లు చూసేదాన్ని. పని మధ్యలో లేచి చూసేదాన్ని. చూసి కూర్చుని, మళ్ళీ అయిదు నిమిషాలకి లేచేదాన్ని.

మూడు వారాలయ్యాక ల్యాబ్ అమ్మాయి నా అవస్థ చూసి సెట్టింగులు తెరిచింది. "అక్కగారూ, మీరు అకౌంటున్నవాళ్ళే రాయాలని పెట్టుకున్నారండి. మిగతావాళ్ళు రాద్దామన్నా అవ్వదు" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వచ్చిందేమో, వచ్చి రాయబోతే పేరు చెప్పు, అకౌంటు తెరువు అని ఆ యంత్రం నిలదీసిందేమో. పదిహేనేళ్ళ తరవాత నా ఇంటి గుమ్మంలో ఆవిడని నువ్వెవరని అడగడమా?

అది మార్పించాను. ఈసారి ఇంకో అడ్డం. వ్యాఖ్య పంపాలంటే ముందు వంకర తిరిగిన ఇంగ్లీషు అక్షరాలేవో చూసి మళ్ళీ కొట్టాలి, నువ్వు మనిషివేనని రుజువు చేసుకోవాలి. నేనే నాలుగుసార్లు తప్పాను. ఇదీ వద్దన్నాను. ఆ అమ్మాయి వెతికి, బయటివాళ్ళెవరో ఊరికే ఇచ్చే వ్యాఖ్యల పెట్టె ఒకటి తెచ్చి తగిలించింది. అకౌంటక్కర్లేదు, అక్షరాల పరీక్ష లేదు. నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అచ్చం మా 'మీ మాట' పేజీలాగే అనిపించి సంతోషించాను.

పదోరోజున దాంట్లో ఒక వ్యాఖ్య పడింది. పేరు లేదు. తెరిచి చూస్తే మొత్తం ప్రశ్నార్థకాలు. ఆ పెట్టెకి తెలుగు తెలీదు. ఎవరో తెలుగులో రాసిందాన్ని అక్షరం మిగల్చకుండా ప్రశ్నార్థకాలు చేసి పారేసింది.

ఆ పూట నేను చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది. ఒక్కో మాటలో ఎన్ని ప్రశ్నార్థకాలున్నాయో లెక్కపెట్టాను. వత్తులూ గుణింతాలూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయని ల్యాబ్ అమ్మాయి చెప్తే, కాయితం తీసుకుని ఆవిడ నాతో ఏం అనగలదో అన్నీ రాసుకుని, ఆ ఖాళీల్లో పెట్టి చూశాను. కుశలం అడిగినట్టు ఒకసారి సరిపోయేది. నీ మొహం చూడనన్నట్టు ఇంకోసారి సరిపోయేది. మూడు రోజులు అలా గడిచాయి. ఇంట్లో పప్పు మాడ్చాను. ఆఫీసులో ఒకరి సర్టిఫికెట్ ఇంకొకరికి ఇచ్చాను. నాలుగో రోజున అదే మనిషి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. కొత్తపేటనుంచి ఒక రిటైరైన పెద్దాయన. "అమ్మా, మీ పెట్టెలో తెలుగు పడడం లేదండి, చూసుకోండి." అంతే ఆ ప్రశ్నార్థకాల సారాంశం. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ఏ కారణమూ లేదు. అయినా తెచ్చుకున్నాను.

ఆ పెట్టె పీకించేశాను. మళ్ళీ పాతదే పెట్టి, ఉన్న అడ్డాలన్నీ ఒక్కొక్కటే తీయించాను. అకౌంటు వద్దు, పేరు వద్దు, పరీక్ష వద్దు. ఎవరైనా రావచ్చు. పేరు పెట్టకపోతే 'అజ్ఞాత' అని పడుతుంది. "ఇలా బార్లా తెరిచి ఎవరూ పెట్టుకోరండి" అంది ల్యాబ్ అమ్మాయి. నేను పెట్టుకుంటానన్నాను.

ఆ అమ్మాయి చెప్పినట్టే అయింది. నెలలోపే అజ్ఞాతలు దిగారు. కొందరు నా వయసు అడిగారు. కొందరు నా కులం అడిగారు, కొందరు అడక్కుండానే తేల్చేశారు. ఒకడెవడో నా రాతలన్నీ ఎక్కడినుంచో ఎత్తుకొచ్చినవేనని రాశాడు. అది చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కాసేపటికి ఏడుపే వచ్చింది. కాపీ అన్న ఆ రెండక్షరాల మాట ఆ మాస్టారుగారింట్లో ఎలా దిగి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"తాళం వెయ్యండి అక్కగారూ" అని రోజూ పోరేది ల్యాబ్ అమ్మాయి. తాళమంటే, వచ్చిన వ్యాఖ్యలు ముందు నాకు చేరతాయి, నేను సరేనన్నవే పైకి కనబడతాయి. చాలామంది అలాగే చేస్తారట. ఒకరోజు సరేనని పెట్టించి, అదెలా ఉంటుందో చూద్దామని నేనే ఒక వ్యాఖ్య రాసి పంపాను. 'మీ వ్యాఖ్య బ్లాగు యజమాని ఆమోదం తరవాత కనబడుతుంది' అని వచ్చింది.

యజమాని ఆమోదం. నా స్నేహితురాలి తాతగారు మా తోటలో తువ్వాలు నడుముకి కట్టుకుని దాని కోసమే నిలబడేవారు. ఆయన మనవరాలు వచ్చి నన్నొక మాట అనడానికి నా ఆమోదం కోసం కాచుకోవాలా? ఆ నిమిషమే తీసెయ్యమన్నాను. ల్యాబ్ అమ్మాయికి విసుగొచ్చింది. "పోనీ మీరు ఎవరి కోసం చూస్తున్నారో చెప్పండి, ఆవిడకో మెయిలు రాద్దాం" అంది. మెయిలు లేదు, ఫోను లేదు. ఉన్నదల్లా ఈ తెరిచిన పెట్టె ఒక్కటే. అది చెప్పలేక, పని చూసుకోమని కసిరాను. ఆ తరవాత రోజూ పొద్దున్న వెళ్ళగానే రాత్రి పడిన బూతులు నా చేత్తో నేనే చెరుపుకునేదాన్ని. ప్రతిదీ పూర్తిగా చదివాకే చెరిపేదాన్ని. ఆవిడ కూడా తిట్టొచ్చు కదా.

టపాలు మాత్రం రాస్తూనే ఉన్నాను. బస్సు, గుడ్డసంచీ, ఇళ్ళ వరస, కుదుపుల్లో పుట్టిన ముసలమ్మ కథ. అందరికీ తెగ నచ్చాయి. ఎంత మంచి స్నేహమండీ మీది అన్నారు. నేను రాయనిదల్లా ఎడం చేతి సంగతి. ఆవిడ చదువుతుంటే, ఈ తీపి కబుర్లు చదివి ఏమనుకుంటుందోనన్న ఆలోచన నాకు రాలేదంటే నమ్మండి. ముందు ఆవిడొచ్చి పలకరిస్తే, అప్పుడు చెప్పొచ్చులే అని నా ఎత్తు. ఎప్పుడూ నాది ఇదే బుద్ధి. అవతలివాళ్ళే ముందు దిగాలి.

ఒకనాడు కొత్తపేట పెద్దాయనే అడిగారు. "ఆ అమ్మాయిగారు ఇప్పుడూ కథలు రాస్తున్నారా అండి? మానేస్తే ఎందుకు మానేసేరండి?"

ఆ ప్రశ్న కింద నా జవాబు కోసం ఖాళీ పెట్టె తెరుచుకుని ఉంది. దాని ముందు మధ్యాహ్నం అంతా కూర్చున్నాను. భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రం అయ్యేసరికి ఇంక నావల్ల కాలేదు. టపా రాశాను. కుళ్ళు గురించి రాశాను. ఎడం చేత్తో రాసిన ఆ మూడు వాక్యాలూ ఉన్నదున్నట్టు రాశాను. మాస్టారుగారు తిప్పనివ్వని పేజీల గురించి రాశాను. నన్ను క్షమించమని రాశాను. బస్సులో ఆవిడ అడిగిన సంగతి, నేను కాంపౌండరుగారి భార్య మీదికి తోసిన సంగతి మాత్రం రాయలేదు. ఇంత ఒప్పుకున్నాక ఇంకా అదెందుకులే అనుకున్నాను. అసలు కారణం, అన్నిటికంటే అదే సిగ్గుగా ఉండడం.

అంతకు ముందెప్పుడూ రానన్ని వ్యాఖ్యలు వచ్చాయి. ఎంత నిజాయితీ అండీ మీది అన్నారు. చిన్నతనం కదండీ, అందరం చేస్తాం అన్నారు. మీ స్నేహితురాలు ఎప్పుడో క్షమించేసి ఉంటారు అన్నారు. ఒకావిడ కళ్ళు చెమర్చాయని రాసింది. ఊరూ పేరూ లేనివాళ్ళందరూ తమది కాని క్షమాపణ తలా ఇంత పంచిపెట్టారు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. మీరెవరండీ నన్ను క్షమించడానికి అని గట్టిగా రాయాలనిపించింది. ఆ పెట్టె తెరిచి పెట్టింది నేనే కనక నోరు మూసుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. వ్యాఖ్యలు తగ్గిపోయాయి. బూతులు కూడా తగ్గాయి. నేను మాత్రం పొద్దున్న చూడడం మానలేదు, కానీ ఆశపడి కాదు, అలవాటుగా. ఇక రాదని నాకు నేనే చెప్పుకున్నాను. చదవలేదేమో అనుకున్నాను. తమ్ముడు కార్డు చేర్చలేదేమో అనుకున్నాను. చదివే ఊరుకుందేమో అనుకున్నప్పుడు మాత్రం కంప్యూటర్ ఆపేసి లేచిపోయేదాన్ని.

ఒక సోమవారం ఆ పాత టపా కింద కొత్త వ్యాఖ్య ఉంది. అజ్ఞాత. రెండే వాక్యాలు.

"నువ్వు ఆ పేజీలో పెన్సిల్ గీతలు చెరపడం మర్చిపోయావు. అందుకే బస్సులో అడిగాను."

ఎవరో వచ్చి కౌంటర్ దగ్గర పిలుస్తున్నారు, వినబడుతోంది, లేవలేకపోయాను.

గీతలు. గీత లేనిదే నాకు అక్షరం పడదు, అందులోనూ ఎడం చేత్తో. స్కేలు ఎప్పుడు తీశానో, పెన్సిల్ ఎప్పుడు పట్టానో నాకు ఈనాటికీ గుర్తు లేదు. అమ్మ వచ్చిన చప్పుడికి పుస్తకం మూసేశాను, చెరపలేదు. నాలుగు తెల్లకాయితాల్లో అంతమంది రాశారు, ఒకరిది ఎత్తుగా, ఒకరిది పల్లంగా. తిన్నగా గీతల మీద కూర్చున్నవి నా మూడు వాక్యాలే. మామిడికుదురు చుట్టుపక్కల అభిప్రాయం రాయడానికి గీతలు కొట్టుకునే మనిషి ఇంకెవరు? నా దస్తూరీ దాచడానికి చెయ్యి మార్చాను గానీ, నన్ను పట్టించేది ఇంకోటి ఉందని తోచలేదు.

అంటే పుస్తకం ఇంటికి చేరిన రోజే ఆవిడకి తెలుసు. తెలిసే నా పక్కన కూర్చుంది. ఎవరు రాసుంటారంటావే అన్నది నేను చెప్పడానికి ఇచ్చిన చోటు. నా మొహంలోకి అంతసేపు చూసింది అందుకు. నేను ఏ పాపం ఎరగని ఒక ఇల్లాలి పేరు చెప్పాను. అలాగా అని, జామకాయ సగం నాకే ఇచ్చింది. ఆ తరవాత ఏడాది పాటు రోజుకి మూడు గంటలు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, అదే సీట్లో నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఏడాదంతా కాచుకుంది. నేను ఏడాది కాచుకుని అంత బాధ పడ్డానని అందరితో చెప్పుకుంటున్నాను.

జవాబు రాయాలి. ఎక్కడికి? అడ్రసు లేదు, పేరు లేదు. ఆవిడ తేలిగ్గా రావడానికని నేను ఏరి ఏరి పెట్టుకున్న పెట్టె అది. అంత తేలిగ్గానే వెళ్ళిపోనిస్తుంది కూడా. రాజోలు బ్యాంకుకి ఫోన్ చేస్తే తమ్ముడు బదిలీ అయి వెళ్ళిపోయాడన్నారు. ఎక్కడికని అడిగితే, కనుక్కుని చెప్తామండి అన్నారు.

నాలుగు పేజీల జవాబు టైపు చేసి చెరిపేశాను. రెండోసారి ఇంకా పొడుగ్గా రాసి అదీ చెరిపేశాను. మధ్యాహ్నానికి, ఆ రెండు వాక్యాల కింద ఇలా రాసి వదిలేశాను. "కాంపౌండరుగారి భార్య కాదే. నేనే."

అక్విడక్టు మీద చెప్పాల్సిన మాట. దాని కింద ఆ తరవాత ఇంకేమీ పడలేదు. బ్లాగు రాయడం ఎప్పుడో ఆపేశాను గానీ పెట్టెకి ఇప్పటికీ తాళం వెయ్యలేదు. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళగానే తెరుస్తాను, చెత్తేమైనా ఉంటే చదివి చెరుపుతాను, తరవాత పని మొదలుపెడతాను.